శుక్రవారం తడిసిన బ్రష్షు

మా నాయన గడ్డం గీసుకోవడానికి వారంలో రెండే రోజులు పనికొచ్చేవి, ఆదివారం, బుధవారం. సోమవారం శివుడిది. శనివారం కొండమీది స్వామిది. గురువారం ఎందుకు కూడదో ఎవరూ చెప్పలేదు గానీ కూడదు. మంగళ, శుక్రవారాల మాట ఇక ఎత్తనే కూడదు. ఆ రెండు రోజుల్లో ఇంట్లో రేజరు తడిస్తే లక్ష్మి గడప దాటి వెళ్ళిపోతుందని మా అమ్మ గట్టి నమ్మకం. చిత్తూరులో బెల్లం మండీలో కాటా దగ్గర పని చేసే మనిషి ఇంట్లో లక్ష్మి ఎక్కడ కూర్చుని ఉండేదో నాకు ఎప్పుడూ కనిపించలేదు. అయినా అమ్మ మాత్రం ఆవిడను పోనిచ్చేది కాదు.

పెరట్లో నీళ్ళ తొట్టి పక్క గోడకు మేకు కొట్టి చిన్న అద్దం తగిలించి ఉండేది. దాని పక్కనే గోడలో గూడు. గూట్లో రేజరు, బ్రష్షు, సబ్బుబిళ్ళ వేసిన సత్తు గిన్నె, పటిక ముక్క. నాయన చెంబెడు వేడినీళ్ళు పెట్టుకుని ఆ గోడకు ఎదురుగా నిలబడితే అర పూట పోయేది. ఆయన గడ్డం మా సందులో పేరుమోసిన గడ్డం. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని బుగ్గకు బుగ్గ ఆనిస్తే వీధి చివరికి వినిపించేట్టు ఏడ్చేదాన్నట. గీసుకున్నాక తలకు పోసుకునేదాకా ఆయన దేన్నీ ముట్టుకునేవాడు కాదు, మమ్మల్ని కూడా.

ఆ గడ్డం నాకు వచ్చింది.

నాయన ముక్కు వచ్చింది, నాయన కోపం వచ్చింది అని చుట్టాలు మురిసిపోయేవాళ్ళు. ఇది వచ్చిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. కాలేజీలో చేరిన ఏడాది మొదలైంది. మొదట గడ్డం కింద నాలుగైదు వెంట్రుకలు, చూస్తూ చూస్తూ ఉండగా దవడ పొడుగునా. నూగు కాదు, నల్లగా, మొద్దుగా, అచ్చం నాయనవే. ఆదివారం వచ్చిందంటే అమ్మ శనగపిండి, కస్తూరి పసుపు, మీగడ కలిపి తెచ్చి నన్ను పీట మీద కూర్చోబెట్టి రుద్దేది. తోలు లేచేది గానీ వెంట్రుక లేచేది కాదు. ఇది లాభం లేదని వేళ్ళకు బూడిద రాసుకుని పీకింది. పీకిన చోటల్లా చీముగుల్లలు లేచాయి. ఇంత చేస్తున్నా ఆ మాట మా ఇద్దరి నోటా వచ్చేది కాదు. అమ్మ "అది" అనేది. "అది తగ్గినట్టుండాదే" అనేది. తగ్గలేదని ఇద్దరికీ తెలుసు.

నేను చెయ్యి గడ్డానికి ఆనించుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. పమిట కొంగు చెంపమీదికి లాక్కుని మాట్లాడడం నేర్చుకున్నాను. ఎండ పడేవైపు మనుషులుంటే అటు తిరగకుండా ఉండడం నేర్చుకున్నాను. ఆ రోజుల్లో తీసిన గ్రూపు ఫొటో ఒకటి ఉంది. అందులో నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎటో చూస్తూ ఉంటాను. చూసినవాళ్ళు నన్ను పెద్ద ఆలోచనాపరురాలనుకుంటారు. అనుకోనీ.

ఈ ముఖం పెట్టుకుని టీచరు ట్రైనింగులో చేరడం నా బుద్ధితక్కువ. కానీ మా ఇంట్లో అంతదాకా చదివిన ఆడపిల్లను నేనే, ఉద్యోగం అంటే నాకు ఆశ. ట్రైనింగులో భాగంగా దగ్గరి బడికి పంపి పాఠాలు చెప్పించేవాళ్ళు. వెనక బెంచీలో మా మేడమ్ కూర్చుని చూసి మార్కులు వేసేది. నాకు వచ్చింది మూడో తరగతి. ఒక గురువారం లెక్కల పాఠం చెబుతూ, ముందు వరసలో కూర్చున్న ఒక పాప పలక దిద్దడానికి వంగాను. ఆ పాప చెయ్యి చాచి నా గడ్డం ముట్టుకుంది. ముట్టుకుని పక్క పిల్లకు చెప్పింది.

"టీచరుకు గడ్డం ఉండాది మే. మా తాతది మాదిరే గుచ్చుకుంటాది."

గుట్టుగా చెప్పి ఉంటే బాగుండేది. తరగతి తరగతంతా నవ్వింది. కొందరు లేచి నిలబడి చూశారు. మేడమ్ తల వంచుకుని కాగితం మీద ఏదో రాసుకుంటున్నట్టు నటించింది, ఆమెకు నా మీద జాలి కలిగిందని ఆ వంచిన తలే చెప్పింది. నేను మళ్ళీ బోర్డు దగ్గరికి పోయి మిగతా పాఠమంతా బోర్డుకే చెప్పాను. ఇప్పుడు తలచుకున్నా చెవులు వేడెక్కుతాయి.

మరుసటి రోజు మళ్ళీ అదే తరగతికి పోవాలి. ట్రైనింగు మానేద్దామనుకుంటూ ఇంటికి వచ్చాను. టీచరు పనంటే రోజూ పిల్లలకు ముఖం చూపించే పని. నేను దాచుకోవలసింది ముఖాన్నే. కానీ మానేస్తే ఎందుకు మానేశావని నాయన అడుగుతాడు. మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాటను అప్పుడు నేనే ఎత్తాలి. మింగలేను, కక్కలేను. తెల్లవారేసరికి ఒక్కటే దారి కనిపించింది. అది శుక్రవారమన్న సంగతి నాకు తెలియక కాదు.

అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. నాయన నడవలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. స్నానానికని పెరట్లోకి పోయి, గూట్లోంచి రేజరు తీశాను. ఎలా గీసుకోవాలో నాకు తెలిసిందల్లా దూరం నుంచి చూసిందే. వేడినీళ్ళు పెట్టుకుంటే అమ్మ అడుగుతుందని తొట్టిలోని చన్నీళ్ళతోనే బ్రష్షు తడిపి సబ్బుబిళ్ళ మీద తిప్పాను. నురగ రాసుకున్నట్టే రాసుకున్నాను, అది రాసుకుంటూ ఉండగానే ఆరిపోయింది. రేజరు లాగితే జారదు, పట్టుకుంటుంది. వెంట్రుక తెగేటప్పుడు కరకరమని శబ్దం వచ్చింది, అది వాకిటిదాకా వినిపిస్తుందేమోనని ప్రాణం పోయింది. రెండు చోట్ల కోసుకుంది. పటిక రుద్దితే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కానీ చేత్తో తడిమి చూసుకుంటే నున్నగా ఉంది. ఎన్నో ఏళ్ళ తర్వాత అది నా ముఖం అనిపించింది.

స్నానం చేసి, శుక్రవారమే కదా అని ముఖం నిండా పసుపు పట్టించాను. గాట్లు కనిపించలేదు. రేజరు తుడిచి ఎలా ఉన్నది అలాగే పెట్టాను. బ్రష్షు సంగతి మరిచిపోయాను. బ్రష్షు మధ్యాహ్నందాకా ఆరదని గడ్డం గీసుకునే జాతికి తెలుసు, నాకు తెలియదు.

అమ్మ పసుపునీళ్ళు చల్లుకుంటూ పెరట్లోకి వచ్చింది. గూటి కింద గోడమీద నీటి చార చూసి ఆగింది. బ్రష్షు తీసి వేళ్ళతో నొక్కింది. వంటింటి గుమ్మంలో నేను, నడవ గుమ్మంలో నాయన.

"ఈపొద్దు శుక్రవారం," అంది అమ్మ ఎవరివైపూ చూడకుండా. "ఈ బ్రష్షు తడిసి ఉండాదేమి?"

నాయన నా ముఖం చూశాడు. పసుపు కింద ఆయనకు ఏం కనిపించిందో నాకు తెలియదు. కానీ ఆయన చూసిన క్షణంలో నేను తల దించుకున్నాను, అదే చాలు.

"నేనే గీసుకొనినా," అన్నాడు. "వారం మర్సిపోయినా."

అమ్మ ఆయనవైపు తిరిగింది. నేనూ చూశాను. బుధవారం గీసిన గడ్డం రెండు రోజులకు తెలుపూ నలుపూ కలిసి ముఖమంతా మొలిచి ఉంది. అగ్గిపుల్ల గీస్తే వెలిగేట్టుంది. ఆ ముఖం పెట్టుకుని ఆయన గీసుకున్నానంటున్నాడు. అమ్మ ఆ గడ్డాన్ని చూసి చూసి, చివరికి మామూలుగా అంది.

"అయితే తలకు పోసుకోవాల. ఊరికే పోతే ఇంటికి మంచిది గాదు."

చలికాలం. నాయన తొట్టి దగ్గరికి పోయి తలమీద చన్నీళ్ళు గుమ్మరించుకున్నాడు. చెయ్యని తప్పుకు స్నానం చేసి, తడి జుట్టుతో, చెక్కు చెదరని గడ్డంతో మండీకి వెళ్ళిపోయాడు. నేను బడికి వెళ్ళాను. ఆ పాప నా గడ్డంవైపు ఒకసారి చూసి, విశేషమేమీ లేదనుకుని పలకమీద బొమ్మ వేసుకోసాగింది. పాఠం బాగా చెప్పానని మేడమ్ మెచ్చుకుంది. నాయన తల ఆరి ఉంటుందా అని ఆలోచిస్తూ నేను ఆ మెచ్చుకోలు సరిగ్గా వినలేదు.

ఆదివారానికి నా దవడ ఎర్రగా వాచింది, మధ్యలో మళ్ళీ మొలకలు. నాయన పెరట్లో గడ్డం గీసుకుంటూ ఉన్నట్టుండి వంటింట్లో ఉన్న అమ్మకు వినిపించేట్టు గొంతెత్తి చెప్పాడు, ఈ సబ్బు పనికిరాదని, వెంట్రుక మెత్తబడదని, తోలు ఊడిపోతుందని. నాకు తెలిసినప్పటినుంచి ఆ సబ్బుతోనే గీసుకుంటున్న మనిషి. నన్ను ఎత్తిపొడుస్తున్నాడనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

బుధవారానికి గూట్లోకి ఒక ట్యూబు వచ్చింది. పౌడరు డబ్బా ఎరగని మనిషి బజారువీధిలో ఫ్యాన్సీ షాపు మెట్లెక్కి, గడ్డం మెత్తబరిచే క్రీము కావాలని అడిగి తెచ్చాడు. గీసుకున్నాక మళ్ళీ అమ్మకు ప్రకటించాడు, ఇది ముందు చల్లగా ఉంటుంది గానీ తర్వాత మండుతుందని, లేత చర్మానికి పడదని. తన చర్మం లేతదెప్పుడయిందో ఆయనే చెప్పాలి. అమ్మ పప్పు ఎనుపుతూ ఊఁ కొట్టింది. తర్వాత సెలూను వాళ్ళు వాడే క్రీము ఒకటి తెచ్చాడు, నురగ నిలవడం లేదన్నాడు. మద్రాసుకు బెల్లం తోలే లారీ డ్రైవరు చేత ఇంకొకటి తెప్పించాడు. దాని వాసనకు మండీ అంతా నాయనవైపు తిరిగి చూసిందట. మళ్ళీ పెండ్లికొడుకు అవుతున్నావా అన్నా అని హమాలీలు ఆటపట్టించారట. ఇవన్నీ ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పేవాడు.

ఒక్క క్రీముతో ఆగలేదు, పాఠం కూడా చెప్పేవాడు. ముందు వేడినీళ్ళలో గుడ్డ ముంచి గడ్డానికి ఒత్తుకోవాలి. తర్వాత క్రీము. రాసిన వెంటనే గీయకుండా కాసేపు ఊరనివ్వాలి. వెంట్రుక ఎటు వాలి ఉందో అటే లాగాలి, ఎదురు లాగితే గుల్లలు లేస్తాయి. అన్నీ అమ్మకే. ఇదంతా నాకెందుకు చెప్తావని అమ్మ ఒకసారి అడిగింది. ఊరికే, అన్నాడు.

నేనే ఒకనాడు ఉండబట్టలేక, వీధంతా వినాలా నాయనా అని కసిరాను. ఆయన బ్రష్షు విదిలించి గూట్లో పెట్టాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తర్వాత తర్వాత అలవాటు ఒకటి ఏర్పడింది. గీసుకోవడం కాగానే చెంబులో సగం వేడినీళ్ళు మిగిల్చి, పారబోయొద్దండి అని చెప్పి నాయన స్నానాల తడికలోకి పోయేవాడు. అంతకు ముందెప్పుడూ అంతసేపు స్నానం చేసి ఎరగడు. సరిగ్గా ఆ వేళకే అమ్మకు వాకిట్లో ఏదో ఒక పని పడేది. పెరడంతా నాది. వేడి గుడ్డ, క్రీము, కాసేపు ఊరడం, వాలు ప్రకారం లాగడం. తల వంచుకుని, దొంగతనం చేస్తున్నట్టు, వాళ్ళిద్దరూ దొంగకు కాపలా కాస్తున్నట్టు. ఏ మందుల షాపులోనో దొరికిన, పెద్దగా వాసన లేని, పచ్చమూత ట్యూబు ఒకటి చివరికి కుదిరింది. ఆ రోజు నాయన గొంతులో గెలిచిన ధ్వని ఉంది.

"ఇదీ క్రీము అంటే. ఎంటిక వెన్న మాదిరి అయిపోతా ఉండాది."

ఎదురింటావిడకు ఇవన్నీ వినిపించకుండా ఎలా ఉంటాయి. ఒకరోజు వీధికొళాయి దగ్గర బిందెల వరసలో అమ్మ ముందుంది, నేను వెనక ఉన్నాను. ఎదురింటావిడ అందరూ వినేట్టు ఎత్తుకుంది, మీ ఇంటాయన ఈ వయసులో సోకులు మరిగాడే, క్రీముల మీద క్రీములు తెస్తున్నాడంట, మెత్తని గడ్డంతో ఎక్కడికి పోవాలో కాస్త కనిపెట్టుకో అక్కా అని. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ గడ్డం ఆయనది కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. చెప్పకపోతే నాయన పరువు కొళాయి కింద పోతోంది.

మా అమ్మ భర్త పేరు నోటితో పలకని మనిషి. నలుగురిలో ఆయన కూర్చున్న మంచం మీద కూర్చోని మనిషి. బిందె కిందికి దించి, తలెత్తి చెప్పింది.

"నేనే తెమ్మనింది. గుచ్చుకుంటే బాధ నాకే గదా."

ఒక్కసారిగా నవ్వులు. అమ్మ మెడ, చెవులు ఎర్రబడిపోయాయి. సగం నిండిన బిందె ఎత్తుకుని, నవ్వుల మధ్యలోంచి నడిచి వచ్చేసింది. ఆ మాట ఆమెను ఏళ్ళ తరబడి వదల్లేదు. ఏ పెళ్ళికి పోయినా, ఏ సీమంతానికి పోయినా ఎవరో ఒకరు, గుచ్చుకోవడం తగ్గిందా వదినా అని అడిగేవాళ్ళు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నేను అక్కడే ఉండేదాన్ని. పడాల్సిన సిగ్గు నాది, నా కళ్ళముందే ఆమె పడుతోంది. ఒక్కసారైనా నేను నోరు విప్పలేదు.

ట్రైనింగు పూర్తయ్యాక తిరుపతిలో ఒక ఆడపిల్లల బడిలో ఉద్యోగం దొరికింది. మధ్యలో పెళ్ళిచూపులూ అవీ ఉన్నాయి, వాటి గురించి రాయను. బయలుదేరే రోజు అమ్మ నా పెట్టె సర్దింది. చీరల అడుగున పాత జాకెట్టు గుడ్డలో చుట్టి కొత్త రేజరు, బ్రష్షు, పచ్చమూత ట్యూబు పెట్టింది. పక్కన ఒక పసుపుకొమ్ము కూడా పెట్టింది, దోషం తగలకుండా కాబోలు. మూత వేస్తూ, నావైపు చూడకుండా, అన్ని ఏళ్ళలో మొదటిసారి నేరుగా చెప్పింది.

"మంగళవారం, శుక్రవారం మాత్రం ముట్టొద్దు మే."

నాయన పెట్టె బస్సుమీదికి ఎక్కించి కిటికీ దగ్గరికి వచ్చాడు. నాతో ఏదో చెప్పబోయి, పక్కనున్న అమ్మవైపు తిరిగాడు. ఆ క్రీము తిరుపతిలో కూడా దొరుకుతుందంట, గాంధీరోడ్డులో ఒక షాపులో అడిగి కనుక్కున్నానని ఆమెకు చెప్పాడు. మండీ మానుకుని, పూతలపట్టు మీదుగా పడుతూ లేస్తూ తిరుపతిదాకా బస్సులో పోయి, గడ్డం క్రీము దొరుకుతుందా అని షాపులో అడిగి తిరిగి వచ్చాడన్నమాట. బస్సు కదిలేదాకా నేను వాళ్ళ ముఖాల్లోకి చూడలేకపోయాను.

అమ్మ మాట తప్పలేదు. శుక్రవారాలు మొలకలతోనే తరగతికి పోయేదాన్ని. పిల్లలు చూసేవాళ్ళు. కొంగు లాక్కునేదాన్ని. చచ్చిపోలేదు.

నాయన చెప్పిన షాపునే వెతుక్కుని వెళ్ళాను. షాపాయన ట్యూబు ఇస్తూ ఎవరికమ్మా అని అడిగాడు. మా నాయనకు, అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు, ఊరికి పోయినప్పుడు ఆయనకూ ఒకటి తీసుకుపోయేదాన్ని. నెలలు, ఏళ్ళు గడిచాయి. షాపాయన నన్ను చూడగానే పచ్చమూత ట్యూబు బల్లమీద పెట్టేవాడు, నాయన మీ ఊర్లో బాగున్నాడా అని అడిగేవాడు.

నాయన ఒక ఎండాకాలంలో పోయాడు. కర్మాంతరం అయ్యాక తిరుపతికి తిరిగి వచ్చాను. బడి తెరిచే రోజు దగ్గర పడింది. ఇంట్లో ట్యూబు అయిపోయింది, అద్దంలో చూసుకుంటే నాయన గడ్డమే. వేరే షాపుకు పోవాల్సింది. కాళ్ళు అక్కడికే తీసుకుపోయాయి. షాపులో ఇంకా నలుగురున్నారు. షాపాయన అలవాటు ప్రకారం ట్యూబు తీసి పెట్టి నవ్వాడు.

"ఏమ్మా, శానా నాళ్ళయిందే. పెద్దాయన బాగుండాడా? ఈ వయసులో గూడా గడ్డం అంత గట్టిగానే ఉండాదా?"

పోయాడని చెప్పవచ్చు. చెబితే, మరి ఈ ట్యూబు ఎవరికని ఆ నలుగురూ నా ముఖంవైపు చూస్తారు. కొంగు చెంపమీదికి లాక్కున్నాను.

"బాగుండాడన్నా," అన్నాను. "గట్టిగానే ఉండాది."